చిన్న జాతి కుక్కపిల్ల: బరువు లెక్క ఎంపిక దగ్గరే మొదలు

6 కిలోలు ఉండాల్సిన కుక్క 7 కిలోలకు చేరితే ఇంట్లో ఎవరూ గమనించరు. పైగా ఇంటికి వచ్చినవాళ్లు "బాగా ఒళ్లు చేసింది, బాగా చూసుకుంటున్నారు" అని మెచ్చుకుంటారు. ఆ ఒక్క కిలో దాని ఒంటి బరువులో ఆరో వంతు. 65 కిలోల మనిషి 76 కిలోలకు చేరడం ఎంతో, ఆ కుక్కకు ఆ కిలో అంత. లాబ్రడార్‌కైతే కిలో అటూ ఇటూ అయినా సర్దుకుపోతుంది. చిన్న జాతి కుక్కకు ఆ వెసులుబాటు లేదు.

దీని ఫలితం ఆయుష్షులోనే కనిపిస్తుంది. అమెరికాలోని వెటర్నరీ ఆస్పత్రుల్లో నమోదైన 50 వేలకు పైగా పెంపుడు కుక్కల రికార్డులను పరిశీలించి 2019లో ఒక అధ్యయనం ప్రచురించారు. అందులో 12 జాతులున్నాయి. పొమెరేనియన్, షిట్జూ, డాష్‌హండ్, చివావా, బీగిల్ వాటిలో ఉన్నాయి. నడివయసులో లావుగా ఉన్న కుక్కలు, సరైన బరువున్న వాటికంటే ముందే చనిపోతున్నాయని పన్నెండు జాతుల్లోనూ తేలింది. మగ జర్మన్ షెపర్డ్‌లో ఆ తేడా సుమారు 5 నెలలు. మూడు కిలోల పైచిలుకు ఉండే యార్క్‌షైర్ టెర్రియర్ మగ కుక్కలో ఏకంగా రెండున్నరేళ్లు. అందరికన్నా చిన్నవాటిలో ఒకటే అందరికన్నా ఎక్కువ నష్టపోయింది.

చిన్న కుక్కల బరువు గురించి మన ఇళ్లలో ఆలోచన మొదలయ్యేది అది లావయ్యాక, మెట్లెక్కడానికి ఆయాసపడుతున్నప్పుడు. అప్పటికే ఆలస్యం. ఏ జాతిని, ఏ వయసులో, ఏం చూసి తెచ్చుకున్నామన్న దగ్గరే సగం విషయం తేలిపోతుంది. మిగతా సగం ఇంట్లో ఎన్ని చేతులు దానికి తినిపిస్తున్నాయన్నదాన్ని బట్టి ఉంటుంది.

ముందు జాతి సంగతి. హైదరాబాద్, విజయవాడ, విశాఖ అపార్ట్‌మెంట్లలో ఎక్కువగా కనిపించే చిన్న కుక్కలు స్పిట్జ్, పగ్, షిట్జూ, డాష్‌హండ్, ఈమధ్య బీగిల్. వీటిలో పగ్ ప్రతి ఊరికీ చేరడానికి 2003లో వచ్చిన హచ్ మొబైల్ ప్రకటన పెద్ద కారణం. పిల్లవాడి వెంటే తిరిగే ఆ కుక్కని చూసి దేశమంతా ముచ్చటపడింది. కానీ ఆ చప్పిడి ముఖంలోనే దాని కష్టమంతా ఉంది. ముక్కు రంధ్రాలు సన్నగా ఉంటాయి, గొంతులో మెత్తటి కండ గాలిదారికి అడ్డం పడుతుంది. లండన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీ పరిశోధకులు 2022లో వెల్లడించిన అధ్యయనం ప్రకారం, ఈ ఊపిరి సమస్య మిగతా కుక్కలతో పోలిస్తే పగ్‌లలో 50 రెట్లకు పైగా ఎక్కువ. ఊబకాయం మూడు రెట్లకు పైగా ఎక్కువ. ఆరోగ్యం విషయంలో పగ్‌ని ఇక మామూలు కుక్కగా లెక్కించలేమని వాళ్లు తేల్చి చెప్పారు.

ఈ రెండు సమస్యలూ ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పడంతోనే ఒంటి వేడి బయటకు పోవాలి. ఊపిరి సరిగా ఆడని కుక్క రొప్పలేదు. అందుకని ఎక్కువ నడవలేదు. నడవక లావవుతుంది, మెడ చుట్టూ చేరిన కొవ్వు ఊపిరిని ఇంకా బిగిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో 42, 43 డిగ్రీలు దాటే మన ఎండల్లో ఇది ప్రాణం మీదకు వస్తుంది. పగలంతా చల్లగా ఉంచే వీలు, తెల్లవారకముందే బయటికి తీసుకెళ్లే ఓపిక లేని ఇంటికి పగ్ సరిపోదు. ముద్దుగా ఉందన్న ఒక్క కారణం దీనికి చాలదు.

డాష్‌హండ్‌ది వేరే బాధ. పొడవాటి వీపు, పొట్టి కాళ్లు. ఆ పొట్టితనానికి కారణమైన జన్యు మార్పే వెన్నుపూసల మధ్య డిస్కుల్ని త్వరగా గట్టిపరుస్తుంది. సోఫా మీంచి దూకినప్పుడో మెట్లు దిగుతున్నప్పుడో డిస్క్ జారి వెనక కాళ్లు పడిపోయిన డాష్‌హండ్‌లు వెటర్నరీ డాక్టర్లకు కొత్త కాదు. కిలో ఎక్కువైతే ఆ భారమంతా ఆ వీపు మీదే. బీగిల్ అయితే వాసన పట్టి మైళ్ల కొద్దీ పరిగెత్తడానికి తయారైన వేటకుక్క. తిండి కనిపిస్తే దానికి ఇక చాలు అనేది ఉండదు. రెండు గదుల ఫ్లాట్‌లో బంధించి రోజుకు పది నిమిషాలు కిందికి తీసుకెళితే, అరుపులు, బరువు రెండూ పెరుగుతాయి. షిట్జూ కాస్త నయం, కాకపోతే వెంట్రుకల పనికి ఓపిక కావాలి.

పొమెరేనియన్ విషయంలో మన దగ్గరే ఉన్న చిక్కు ఒకటుంది. ఇక్కడ పామ్ అని పిలిచేవాటిలో చాలావరకు ఇండియన్ స్పిట్జ్‌లు. కుక్క జాతుల్ని నమోదు చేసే కెన్నెల్ క్లబ్‌ల ప్రమాణాల ప్రకారం అసలు పొమెరేనియన్ సుమారు మూడు కిలోల లోపే ఉంటుంది. స్పిట్జ్ 5 నుంచి 7 కిలోలు, ఇంకొంచెం పెద్దదీ ఉంటుంది. ఇంటర్నెట్‌లో పొమెరేనియన్ చార్ట్ చూసి 6 కిలోల ఆరోగ్యమైన స్పిట్జ్‌ని సగం కడుపుతో ఉంచేవాళ్లున్నారు. "ఇది పెద్ద రకం పామ్" అనుకుని 10 కిలోలు అయ్యేదాకా ఊరుకున్నవాళ్లూ ఉన్నారు. చార్ట్ పక్కన పెట్టి తల్లిదండ్రుల సైజు చూడాలి. పిల్ల పెద్దయ్యాక ఎంత బరువుండాలో చెప్పే సమాచారం అంతకుమించి ఎక్కడా దొరకదు.

అందుకే పిల్లని చూడటానికి వెళ్లినప్పుడు మొదటి మాట "తల్లి ఎక్కడ?" అని ఉండాలి. తల్లిని చూపించని చోట కొనకపోవడమే మేలు. ఏదో కారు పార్కింగ్ దగ్గర బుట్టలో పెట్టి చూపించే పిల్ల ఎక్కడ పుట్టిందో, ఎన్ని రోజులదో, తల్లి ఏ స్థితిలో ఉందో తెలిసే దారి లేదు. తల్లి ఊపిరి శబ్దం వినాలి. నాలుగడుగులు నడిపించి కాలు ఎత్తి ఎత్తి వేస్తోందేమో చూడాలి. చిన్న జాతుల్లో మోకాలి చిప్ప పక్కకు జారడం చాలా మామూలు, అది వంశపారంపర్యం కూడా. రేపు పిల్ల లావైతే మొదట నొప్పి పుట్టేది ఆ మోకాలే.

ఇక వయసు. మన దగ్గర ప్రకటనలన్నీ "45 రోజుల పిల్లలు" అనే ఉంటాయి. అదేదో పద్ధతైనట్టు అందరూ అలాగే కొంటారు. కానీ 2017లో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. అంటే 56 రోజులు. కుక్కల్ని పెంచి అమ్మే బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదై ఉండాలి. ఆ చివరి పది, పదిహేను రోజుల్లోనే పిల్ల తల్లి పాలు పూర్తిగా మాని గట్టి తిండికి అలవాటు పడుతుంది, తోబుట్టువులతో ఆడుతూ ఎంత గట్టిగా కరవకూడదో నేర్చుకుంటుంది. ముందే తెచ్చేస్తే తిండి దగ్గర మారాం మొదలవుతుంది. మారాం చేస్తోందని బిస్కెట్ నుంచి చికెన్ దాకా అన్నీ రుచి చూపిస్తారు. బరువు కథకు తొలి అడుగు చాలాసార్లు అక్కడే పడుతుంది. చెన్నైలోని కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా సర్టిఫికెట్ ఉందంటే వంశం నమోదైందని అర్థం. ఆరోగ్యానికి అది హామీ కాదు.

"టీకప్" అని చెప్పి అరచేతిలో పట్టే పిల్లని ఎక్కువ ధరకు అమ్మడం కూడా పెరిగింది. టీకప్ అనే జాతిని ఏ కెన్నెల్ క్లబ్బూ గుర్తించలేదు. బలహీనంగా పుట్టిన పిల్లో, సైజు చిన్నగా చూపడానికి తిండి తగ్గించిన పిల్లో ఆ పేరుతో వస్తుంది. దాన్ని బతికించుకోవడమే గండం అవుతుంది.

పిల్లని చేతిలోకి తీసుకున్నప్పుడు చాలామంది పొరపడేది పొట్ట దగ్గర. పొట్ట గుండ్రంగా, ఉబ్బుగా ఉంటే "భలే బొద్దుగా ఉంది" అనుకుంటారు. వీపు మీద వేళ్లు పెట్టి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. వెన్నెముక గుచ్చుకుంటూ, పక్కటెముకలు తేలి ఉండి, పొట్ట మాత్రం బిగిసి ఉబ్బి ఉంటే అది చాలాసార్లు నులిపురుగుల పొట్ట. పురుగులు తల్లి కడుపులో ఉండగానే పిల్లకు చేరతాయి. అందుకే రెండో వారం నుంచే నట్టల మందు మొదలుపెట్టాలంటారు. ఆరోగ్యంగా ఉన్న పిల్ల ఒళ్లంతా ఒకే తీరుగా నిండి ఉంటుంది, పొట్ట తిన్న వెంటనే కాస్త ముందుకొచ్చి తర్వాత సర్దుకుంటుంది. నట్టల మందు ఎప్పుడెప్పుడు వేశారో, పార్వో, డిస్టెంపర్ అనే వైరస్ జబ్బులకు వేసే టీకాల మొదటి డోసు ఎప్పుడు పడిందో కార్డు మీద డాక్టర్ సంతకంతో ఉండాలి. బ్రీడర్ చేత్తో రాసిచ్చిన కాగితం చాలదు.

అన్నీ చూసి తెచ్చే ఓపిక లేకపోతే పెద్ద కుక్కని దత్తత తీసుకోవడం మంచి దారి. యజమానులు వదిలేసిన షిట్జూలు, పగ్‌లు, స్పిట్జ్‌లు బ్లూక్రాస్ ఆఫ్ హైదరాబాద్ లాంటి సంస్థల దగ్గరికి వస్తూనే ఉంటాయి. వాటి సైజు, స్వభావం, జబ్బులు అప్పటికే తెలిసి ఉంటాయి కాబట్టి ఊహించుకోవాల్సింది తక్కువ.

పిల్ల ఇంటికి వచ్చాక మొదటి మూడు నాలుగు నెలలు బరువు తగ్గించే ఆలోచన పొరపాటున కూడా రాకూడదు. కిలో, కిలోన్నర ఉండే పిల్ల ఒంట్లో చక్కెర నిల్వ చాలా తక్కువ. ఒక పూట తిండి తప్పితే వణుకు, తూలడం, మగతగా పడిపోవడం జరగొచ్చు. రోజుకు నాలుగు సార్లు కొంచెం కొంచెంగా పెట్టాలి. ఎప్పుడైనా అలా నీరసపడితే చిగుళ్లకు కాస్త తేనె రాసి వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

అసలు మలుపు ఆ తర్వాత వస్తుంది, దాన్ని దాదాపు ఎవరూ గుర్తించరు. కుక్కల శక్తి అవసరాన్ని డాక్టర్లు ఒక సూత్రంతో అంచనా వేస్తారు. దాని ప్రకారం రెండున్నర కిలోల మూడు నెలల పిల్లకు రోజుకు సుమారు 415 క్యాలరీలు కావాలి. అదే పిల్ల పెరిగి 6 కిలోలై, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయి, ఇంట్లోనే ఉండే కుక్కైతే దానికి 320 నుంచి 375 చాలు. ఒళ్లు రెట్టింపు దాటింది, కావాల్సిన తిండి మాత్రం తగ్గింది. చిన్న జాతులు 10 నెలలకల్లా దాదాపు పూర్తిగా ఎదిగిపోతాయి. ఇంట్లో మాత్రం "పెరిగే పిల్ల కదా" అంటూ ఏడాదిన్నర దాకా పప్పీ ఫుడ్డే పెడుతుంటారు, అదీ పాత గిన్నెతోనే. మధ్యలో ఆపరేషన్ అవుతుంది, శక్తి అవసరం పడిపోతుంది, ఆకలి పెరుగుతుంది. లావైతే నింద ఆపరేషన్ మీదకు పోతుంది. ఆడ కుక్కల్ని గర్భాశయ ఇన్ఫెక్షన్ నుంచి కాపాడే ఆపరేషన్‌ని ఈ భయంతో మానుకోవడం తప్పు. ఆపరేషన్ అయిన వారం నుంచే గిన్నె కొలత తగ్గిస్తే సరిపోతుంది.

ఇప్పుడు ఒక ఇంటి సంగతి చూద్దాం. 6 కిలోల స్పిట్జ్, అమ్మానాన్న, ఇద్దరు పిల్లలు, తాతయ్య, నాయనమ్మ. పొద్దున టీ తాగేటప్పుడు తాతయ్య రెండు మేరీ బిస్కెట్లు పెడతారు, సుమారు 50 క్యాలరీలు. టిఫిన్ దగ్గర పిల్లల కంచంలోంచి ఒక ఇడ్లీ, 55. మధ్యాహ్నం నాయనమ్మ ఆప్యాయంగా కలిపి పెట్టే చిన్న గిన్నెడు పెరుగన్నం, 100. సాయంత్రం టీతో మళ్లీ రెండు బిస్కెట్లు. రాత్రి నెయ్యి రాసిన చపాతీలో సగం, 60. అన్నీ కలిపితే 315. ఇవేవీ లెక్కలోకి రావు, ఎందుకంటే "తిండి" అంటే ఆ ఇంట్లో అమ్మ రెండు పూటలా పోసే పెడిగ్రీ డ్రై ఫుడ్ గింజలు మాత్రమే. పూటకు 45 గ్రాములు అనుకుంటే అది ఇంకో 325. మొత్తం 640. కావాల్సినదానికి దాదాపు రెట్టింపు. ఇంట్లో ఏ ఒక్కరినీ అడిగినా "నేను పెట్టేది కొంచెమే" అంటారు. అది నిజమే. ఆ కుక్క కూడా పగలంతా ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, పొద్దుట్నుంచి ఏమీ తిననట్టే చూస్తుంది.

ఒక బిస్కెట్ ఎంత అనిపించవచ్చు. 375 క్యాలరీల కుక్కకు 25 క్యాలరీల బిస్కెట్ అంటే, రోజుకు 2000 క్యాలరీలు తినే మనిషి ఒకేసారి ఐదు బిస్కెట్లు తిన్నట్టు. చిరుతిళ్లన్నీ కలిపి రోజు మొత్తంలో పదో వంతు దాటకూడదని డాక్టర్లు చెప్పేది ఇందుకే. ఈ కుక్కకు ఆ పదో వంతు ఒకటిన్నర బిస్కెట్‌తో అయిపోతుంది.

ప్రేమగా పెట్టే చేతుల్ని ఆపమనడం పనిచేయదు. పెద్దవాళ్లకు కుక్కకు తినిపించడం రోజులో ఒక సంతోషం, దాన్ని లాక్కుంటే చాటుగా పెడతారు. మార్చాల్సింది చేతిలో ఏముందన్నదే. పొద్దున్నే రోజుకు సరిపడా డ్రై ఫుడ్‌ని కిచెన్ స్కేల్ మీద తూచి ఒక డబ్బాలో పోయాలి. కప్పుతో కొలిస్తే ఒకరు తలగొట్టి, ఒకరు పొంగించి పోస్తారు, చిన్న కుక్క విషయంలో ఆ తేడానే బరువైపోతుంది. తాతయ్య ఇచ్చినా పిల్లలు ఇచ్చినా ఆ డబ్బాలోంచే, నాలుగైదు గింజలు. డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకు అంతే. కుక్కకు కావాల్సింది ఇచ్చే మనిషి పలకరింపు, ఆ ఘట్టం. బిస్కెట్ బదులు గింజ వచ్చినా చాలా కుక్కలు తోక ఊపడం మానవు. ఇంకా అడుగుతుంటే కీరా ముక్క, ఉడికించిన బీన్స్, క్యారెట్ ఇవ్వొచ్చు. ఉల్లి, వెల్లుల్లి పడిన కూరలు, బిర్యానీ, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ మాత్రం కొంచెం కూడా వద్దు, అవి విషం.

ఇంటి వంటే పెట్టేవాళ్లు ఒక విషయం గమనించాలి. పెరుగన్నం మీద బతికే కుక్క లావుగా ఉంటూనే లోపల కండ లేకుండా ఉంటుంది. అన్నం వాటా తగ్గి గుడ్డు, చికెన్ వాటా పెరగాలి. కాల్షియం, విటమిన్లు ఎంత కలపాలో డాక్టర్‌ని అడిగే పెట్టాలి.

స్పిట్జ్, షిట్జూ లాంటి బొచ్చు కుక్కలు లావయ్యాయో లేదో కంటితో తెలియదు. స్నానం చేయించేటప్పుడు తడిసిన ఒళ్లు చూస్తే తెలుస్తుంది. పైనుంచి చూస్తే పక్కటెముకల వెనక నడుము లోపలికి వంపు తిరగాలి, పక్కనుంచి చూస్తే పొట్ట వెనక్కి పోతూ పైకి లేవాలి. ఇక చేతి పరీక్ష. పిడికిలి బిగించి కణుపుల మీద వేలు రాస్తే తగిలే గట్టిదనం పక్కటెముకల్లో ఉంటే కుక్క మరీ సన్నగా ఉన్నట్టు. చేయి చాపి వెనకవైపు రాస్తే వేళ్ల ఎముకలు పలచని చర్మం కింద తెలిసినట్టు తెలిస్తే సరైన బరువు. అరచేతి కండలా మెత్తగా ఉండి, నొక్కితే గానీ ఎముక తెలియకపోతే లావు. పది పదిహేను రోజులకోసారి ఇలా చూస్తూ, నెలకోసారి క్లినిక్ తూకం మీద 100 గ్రాముల తేడా కూడా రాసి పెట్టుకుంటే, కిలో పెరిగేదాకా ఆగాల్సిన పని ఉండదు.

నడక మంచిదే, కీళ్లకూ మనసుకూ కావాలి. కానీ తిండి తగ్గించకుండా నడకతోనే బరువు దింపాలనుకుంటే కుదరదు. 6 కిలోల కుక్క కిలోమీటరు నడిస్తే ఒక్క బిస్కెట్ శక్తి కూడా ఖర్చవదు. లావుగా ఉన్న కుక్కని ఒక్కసారిగా పరిగెత్తించడం మోకాళ్లకు, పగ్ అయితే ప్రాణానికే ముప్పు. పొమెరేనియన్ల శ్వాసనాళం మెత్తబడి ముడుచుకుపోయే జబ్బు మామూలు కాబట్టి, మెడకు బెల్టు కట్టి లాగకుండా ఛాతీకి తొడిగే హార్నెస్ వాడాలి. వేసవిలో చల్లగా ఉంటుందని పొమెరేనియన్ బొచ్చు మొదలంటా గీయించకూడదు. కొన్నింటికి అది మళ్లీ సరిగా మొలవదు.

ఇప్పటికే లావైన కుక్కకు వారానికి ఒంటి బరువులో ఒకటి, మహా అయితే రెండు శాతం తగ్గితే చాలు. 8 కిలోల పగ్‌కి అది వారానికి 80 నుంచి 160 గ్రాములు. రోజూ పెట్టే తిండినే సగానికి సగం కోస్తే క్యాలరీలతో పాటు మాంసకృత్తులూ తగ్గి కండ కరుగుతుంది. బరువు తగ్గించడానికి తయారైన ఫుడ్‌కి, డాక్టర్ చెప్పిన కొలతతో, వారం రోజుల్లో మెల్లగా మారడం మంచిది. నెల గడిచినా తూకం కదలకపోతే కొలత ఇంకా తగ్గించే ముందు వాచ్‌మన్‌ని, పక్కింటివాళ్లని, పనమ్మాయిని ఒకసారి అడగాలి. ఎక్కడా ఏమీ పెట్టడం లేదని తేలితే థైరాయిడ్‌కి రక్తపరీక్ష చేయించాలి. నీళ్లు ఎక్కువగా తాగుతూ, పొట్ట జారి, వీపు మీద వెంట్రుకలు పలచబడుతుంటే కుషింగ్స్ అనే హార్మోన్ జబ్బు పరీక్ష కూడా అవసరం. ఈ రెండింటికీ మందులున్నాయి.